168 గంటల్లో ఆ రెండు గంటలు

వారానికి 168 గంటలు. రోజుకు ఎనిమిది చొప్పున నిద్రకు 56 పోతే 112 మిగులుతాయి. బడి, ట్యూషన్, ఆఫీసు, ప్రయాణం కలిపి వారానికి 60 వేసుకున్నా ఇంకా 52 గంటలు ఉన్నట్టే. మరి ఇంట్లో నలుగురం కలిసి కూర్చుని ఎన్నాళ్లయింది?

ఎవరికి ఎంత ఖాళీ ఉందని లెక్కేస్తే జవాబు దొరకదు. ఆ ఖాళీలు ఒకే వేళకు పడుతున్నాయా అన్నది చూడాలి. మా ఇంట్లో ఒక తెల్లకాగితం మీద రోజుకు 24 గళ్ల చొప్పున 168 గళ్లు గీసి, ఎవరికి పని గానీ నిద్ర గానీ ఉన్న గంటలో వాళ్ల రంగు పూశాం. ఏ రంగూ అంటని గళ్లు ఆరే తేలాయి. సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి తొమ్మిది నుంచి పది. అది భోజనాల వేళ. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేనూ పిల్లలిద్దరూ ఖాళీయే. ఆ రెండు గళ్లలో ఉన్నది మా ఆవిడ రంగొక్కటే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో ఆ అంకెలు 289, 88. అంటే తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. అయిదేళ్లలో తగ్గింది ఒక్క నిమిషం! పైగా చాలా ఇళ్లలో అందరికీ సెలవైన ఆదివారమే వంటింటికి పని ఎక్కువ. అందుకే ఏ ఆట ఆడాలన్న ఆలోచన కన్నా ముందు ఆ రెండు గంటల పని ఎవరెవరు అందుకోవాలో తేల్చుకోవాలంటాను.

మా ఆవిడ గళ్లలో ఉన్నవి మూడు పనులు: మధ్యాహ్నం అంట్లు, ఉతికిన బట్టలు మడతపెట్టడం, సోమవారానికి ఇడ్లీ పిండి రుబ్బడం. ఒక్క మనిషికి 120 నిమిషాలు. నలుగురం తలా ఒక చెయ్యి వేస్తే 30. మూడున్నరకు మొదలుపెడితే నాలుగింటికల్లా అయిపోతుంది.

ఇక ఆట. అష్టాచెమ్మా సంగతే చూడండి. 25 గళ్లు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే 16 రకాలుగా పడొచ్చు. అందులో అష్టా, అంటే ఎనిమిది, ఒక్కసారి; చెమ్మా, అంటే నాలుగు, ఒక్కసారి. రెండు మాత్రం ఆరుసార్లు. సగటున ఒక్కో వేతకు రెండున్నర గళ్లు. ఒక కాయ బయటి వరస, లోపలి వరస తిరిగి నడిగడిలో పండాలంటే 24 గళ్లు నడవాలి. నాలుగు కాయలకు 96, అంటే మనిషికి దాదాపు 38 వేతలు. నలుగురికీ 150 పైచిలుకు. వేతకు పది సెకన్లు వేసుకుంటే 25 నిమిషాలు. కాయల్ని చంపుకోవడాలు, మళ్లీ మొదటికి రావడాలు, ‘అది మూడు కాదు, రెండే’ అనే తగవులు కలుపుకుంటే గంట. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు చాలు. ఈ ఆటలో నాకు నచ్చేది, ఆరేళ్ల పిల్లకూ అరవై ఏళ్ల నానమ్మకూ గెలిచే వీలుండటం.

మిగిలిన గంటకు పని వెతకనక్కర్లేదు. పకోడీలకు ఉల్లిపాయలు తరగడం, పాత ఫొటోల ఆల్బమ్ తిరగేయడం, ఏదీ లేకపోతే ఊరికే కూర్చోవడం.

ఏం చేయాలో నిర్ణయించే హక్కు వంతులవారీగా పెట్టుకున్నాం. ఏడాదికి 52 ఆదివారాలు, నలుగురం, తలా 13. ఒకరు ఎంచుకున్నదానికి మిగతా ముగ్గురూ వంక పెట్టకూడదు. మా చిన్నవాడు తన వంతులో ఇప్పటికి నాలుగు వాడుకున్నాడు. నాలుగుసార్లూ అష్టాచెమ్మానే అడిగాడు. మా ఆవిడ తన మొదటి వంతుకు, సాయంత్రం కాఫీ మేం ముగ్గురం పెట్టి తీసుకురావాలంది.