టీ కణానికి శత్రువును ఎవరు చూపిస్తారు?

శరీరంలోకి చొరబడిన వైరస్‌ను టీ కణం నేరుగా గుర్తుపట్టలేదు. ఆ పని యాంటీబాడీలకు చేతనవును. వైరస్ పైపొర మీది ఆకారాన్ని అవి ఉన్నదున్నట్టు పట్టుకుంటాయి. టీ కణానికైతే మరో కణం ఆ వైరస్ ప్రొటీన్‌ను ముక్కలు చేసి, ఒక ముక్కను తన ఉపరితలం మీద ఉంచి చూపించాలి. ముక్కను పట్టి ఉంచే అణువు పేరు ఎంహెచ్‌సీ. మనుషుల్లో దీన్నే హెచ్‌ఎల్‌ఏ అంటారు. కిడ్నీ మార్పిడికి ముందు డాక్టర్లు సరిపోల్చి చూసేది దీన్నే.

ఈ సంగతి 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో బయటపడింది. రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ వైరస్ సోకిన ఎలుక నుంచి టీ కణాలు తీశారు. అదే వైరస్ సోకిన కణాలను అవి చంపాయి. కానీ ఆ కణాలు వేరే ఎంహెచ్‌సీ ఉన్న ఎలుకవైతే, వైరస్ అదే అయినా వాటి జోలికి పోలేదు. టీ కణం పరాయి ముక్కనూ సొంత ఎంహెచ్‌సీనీ కలిపే గుర్తిస్తుందని దీంతో తేలింది. వీరికి 1996లో నోబెల్ వచ్చింది.

ఎంహెచ్‌సీలో రెండు తరగతులున్నాయి. మొదటిది కేంద్రకమున్న దాదాపు ప్రతి కణం మీదా ఉండి, కణం లోపల తయారైన ప్రొటీన్ల ముక్కలను సీడీ8 టీ కణాలకు చూపిస్తుంది. రెండోది ముఖ్యంగా డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బీ కణాల మీద ఉండి, బయటి నుంచి మింగిన వాటి ముక్కలను సీడీ4 టీ కణాలకు చూపిస్తుంది.

ముక్క కనబడగానే కొత్త టీ కణం విజృంభించదు. డెండ్రైటిక్ కణం సూక్ష్మజీవి ఆనవాలు పసిగట్టినప్పుడే బీ7 అణువులను ఎక్కువగా పైకి తెస్తుంది. అవి టీ కణం మీది సీడీ28ను తాకితే ఆ కణం విభజన మొదలుపెడుతుంది, తాకకపోతే మొద్దుబారిపోతుంది. సొంత ప్రొటీన్ల మీద దాడి జరగకుండా కాపాడే ఏర్పాట్లలో ఇదొకటి. రోగనిరోధక వ్యవస్థలో ఇంతకంటే మెచ్చదగ్గ జాగ్రత్త మరొకటి కనిపించదు.

చైతన్యం పొందిన సీడీ4 కణం ఇతర కణాలకు సాయం చేసే తీరు యాంటీబాడీలను తయారుచేసే బీ కణం దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. బీ కణం తాను పట్టుకున్న పదార్థాన్ని మింగి, అందులోని ప్రొటీన్ ముక్కను చూపిస్తుంది. ఆ ముక్కను గుర్తించిన టీ కణం సీడీ40 లైగాండ్‌తో, సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లతో బీ కణాన్ని ప్రేరేపిస్తుంది. రెండు కణాలూ ఒకే భాగాన్ని గుర్తించనక్కర్లేదు, రెండు భాగాలూ కలిసి ఉంటే చాలు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ వారి టైప్‌బార్ టీసీవీ టీకాకు ఆధారం ఇదే. టైఫాయిడ్ బాక్టీరియా పైనుండే చక్కెర పొరను మాత్రమే ఇస్తే టీ కణాల సాయం అందదు, పసిపిల్లల్లో టీకా సరిగా పనిచేయదు. ఆ చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కు అతికించారు. చక్కెరను పట్టుకున్న బీ కణం ప్రొటీన్‌నూ మింగి దాని ముక్కను చూపిస్తుంది, సాయం అందుతుంది. అందుకే ఆరు నెలల పాపకూ ఈ టీకా వేయవచ్చు.

మాక్రోఫేజ్‌కు సీడీ4 కణం నుంచి వచ్చే ఆదేశం ఇంటర్‌ఫెరాన్ గామా. క్షయ బాక్టీరియా మాక్రోఫేజ్ లోపలే బతకగలదు. ఈ ఆదేశం అందిన మాక్రోఫేజ్ దాన్ని చంపే శక్తిని పెంచుకుంటుంది. హెచ్‌ఐవీ సీడీ4 కణాలనే నాశనం చేస్తుంది కాబట్టి, అది సోకినవారిలో అణగి ఉన్న క్షయ సులువుగా తిరగబెడుతుంది.