మన గోడలో పొరుగింటి దూలం

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా ఔలియా దర్గా, మరొకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, ఇంకొకదానిపై రాస్‌హిల్ చర్చి. ఊరు చూడవచ్చినవారు ఆ కొండలెక్కి, ఓడలు చూసి, దిగి వెళ్ళిపోతారు. కొండల దిగువన వన్‌టౌన్ ఇరుకు సందుల్లో మిగిలిన పాత పెంకుటిళ్ళ వైపు చూసేవారు తక్కువ.

అటువంటి ఒక ఇంటికి ఈ మధ్య నన్ను దుఆ చేయడానికి పిలిచారు. ఆ ఇంటి పిల్లలు నా దగ్గర ఖురాన్ చదువుకున్నారు. పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టాలని ముగ్గురు అన్నదమ్ములు నిశ్చయించుకున్నారు. వెళ్ళి ఇల్లంతా చూసిన తర్వాత, దుఆకు ముందు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయనిపించింది.

ఇంటి తీరు

స్థలం నూరు గజాలు దాటదు. ఓడరేవు పనులు జరుగుతున్న రోజుల్లో వారి తాతగారు కట్టించారట. విశాఖ రేవుకు మొదటి ఓడ 'జలదుర్గ' 1933 అక్టోబర్ 7న వచ్చింది. అంటే ఇంటి వయసు తొంభై దాటిందన్న మాట. దూలాలు రంగం టేకు. మనవాళ్ళు పొట్టకూటికి ఓడలెక్కి రంగం వెళ్ళిన కాలమది. కలప అటునుంచి ఇటు వచ్చేది.

వీధివైపు అరుగు. గుమ్మం దాటగానే ఎదురుగా అడ్డుగోడ. తలుపు తీసి ఉన్నా వీధిలో వారికి లోపలి ఆడవాళ్ళు కనిపించరు. వీధివైపు కిటికీలు మనిషి తల కంటే ఎత్తున ఉన్నాయి. గాలి వస్తుంది, చూపు రాదు. అనుమతి కోరి సలాం చెప్పనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించరాదని దివ్య ఖురాన్ 'నూర్' సూరాలో ఆదేశించింది. చదువురాని మేస్త్రీ ఆ ఆదేశాన్ని ఇటుకల్లో పేర్చి పెట్టినట్టుంది.

లోపల దాలాన్, దాని ముందు ఆకాశం కనిపించే సహన్. పడమటి గోడలో రెండు తాఖ్‌లు, పైదానిలో ఖురాన్, కిందిదానిలో ఒకప్పుడు దీపం. గోడలు అడుగున్నర మందం, ఇటుక, సున్నంతో కట్టినవి. పగటి ఎండ ఆ మందం దాటి లోపలికి రావడానికి చాలా సేపు పడుతుంది. వేడిగాలి పెంకుల సందుల్లోంచి పైకి పోతుంది. సున్నపు గోడ పీల్చుకున్న చెమ్మను మళ్ళీ వదిలేస్తుంది. అందుకే ఉప్పుగాలి తగిలే చోట కూడా అది ఇన్నేళ్ళు నిలిచింది. ఆ గోడకే ఒక పక్క కొత్తగా సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోయే దారిలేక అక్కడ పొరలు పొరలుగా ఊడిపోతోంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినప్పుడు జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకు పోయారు. ఈ ఇంటివారూ పోయారు. తాళంచెవి పక్కింటి హిందూ కుటుంబానికి ఇచ్చి వెళ్ళారనీ, తిరిగి వచ్చేసరికి సహన్ ఊడ్చి ఉందనీ ఇంట్లో చెప్పుకుంటారు. 2014 అక్టోబర్ 12న తుపాను వచ్చింది. సులైమాన్ ప్రవక్త (అలైహి)కు వార్త తెచ్చినట్టు 'నమ్ల్' సూరా చెప్పే పక్షి హుద్‌హుద్ పేరే ఆ తుపానుకు పెట్టారు. ఆ రోజు పెంకులు ఎగిరిపోయాయి, గోడలు నిలిచాయి. పక్కింటి కుర్రవాళ్ళే ముందుగా పైకెక్కి టార్పాలిన్ కట్టారు.

ఆ పక్కింటివారి మూడు దూలాల కొసలు మనవాళ్ళ గోడలోనే ఉన్నాయి. రెండిళ్ళకూ అది ఒక్కటే గోడ.

మదీనాలో తొమ్మిది గదులు

చిన్న ఇల్లు అనగానే విశ్వాసికి ముందుగా గుర్తుకు రావలసినవి దైవప్రవక్త (స) వారి హుజ్రాలు. పచ్చి ఇటుకలు, మట్టి మెత్తిన ఖర్జూరపు మట్టలు, పైన ఖర్జూరపు కప్పు, గుమ్మాలకు వెంట్రుకలతో నేసిన ముతక తెరలు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో చిన్నవాడిగా ఆ గదుల్లోకి వెళ్ళిన హసన్ బస్రీ (రహ్మ), చేయి చాస్తే కప్పు అందేదని చెప్పారు. ప్రవక్త (స) రాత్రి నమాజులో సజ్దా చేసేటప్పుడు తాను కాళ్ళు ముడుచుకునేదాన్ననీ, ఆ రోజుల్లో ఇళ్ళల్లో దీపాలుండేవి కావనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అంత ఇరుకు గది అది.

హిజ్రీ 88వ సంవత్సరంలో (క్రీ.శ. 707) ఖలీఫా వలీద్ ఆజ్ఞపై మస్జిదె నబవీ విస్తరణ కోసం ఆ గదులను తొలగించారు. ఆ రోజు మదీనా వాసులు విలపించారు. ఆ గదులను అలాగే ఉంచి ఉంటే, లోకాధిపతి పంపిన ప్రవక్త ఎంత కొద్దిపాటితో తృప్తిపడ్డారో రాబోయే తరాలు కళ్ళారా చూసేవి కదా అని సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మ) బాధపడ్డారు.

అయితే ప్రవక్త (స) వారి ఇళ్ళే కాలం వెంట తొలగిపోయినప్పుడు, మన ఇళ్ళు ఎల్లకాలం నిలవాలని పట్టుబట్టలేం. కుటుంబాలు పెరుగుతాయి, గదులు కావాలి. ఇల్లు పడగొట్టడం పాపం కాదు. కాని ఇంటితోపాటు హక్కులు కూలిపోకూడదు.

రెండు ప్రశ్నలు

దుఆకు చేతులెత్తే ముందు ఆ అన్నదమ్ములను రెండే ప్రశ్నలు అడిగాను.

మొదటిది: "మీ చెల్లెలి వాటా మాటేమిటి?" చెల్లెలు గాజువాకలో ఉంటుంది. "తనకేమీ వద్దంది హజ్రత్" అన్నారు. తండ్రి ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు నియమిత భాగముందని 'నిసా' సూరా స్పష్టం చేసింది. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు ఉంటే ఏడు వాటాల్లో ఒకటి ఆమెది. అన్నల మొహం చూసి, పుట్టింటి రాకపోకలు తెగుతాయని భయపడి "వద్దు" అన్న మాట మనస్ఫూర్తి అంగీకారం కాదు. ముందు వాటా ఆమె చేతిలో పెట్టాలి. ఆ తర్వాత తిరిగి ఇస్తుందో ఉంచుకుంటుందో ఆమె ఇష్టం. మస్జిదె నబవీ కట్టిన స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. ఊరికే ఇస్తామన్నా ప్రవక్త (స) ఒప్పుకోక వెల చెల్లించి తీసుకున్నారు. మస్జిదుకే ఆ నియమం ఉంటే మన మూడంతస్తులకు మినహాయింపు ఎక్కడిది?

రెండవది: "ఈ గోడ పడగొడితే పక్కింటివారి కప్పు దేనిమీద నిలుస్తుంది?" తన గోడలో పొరుగువాడు దూలం పెట్టుకోవడాన్ని ఎవరూ అడ్డుకోరాదని ప్రవక్త (స) సెలవిచ్చినట్టు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. పొరుగువాడి మతమేమిటని ఆ హదీసు అడగలేదు. గోడను వారికి విడిచిపెట్టి లోపలివైపు కొత్త గోడ లేపుకుంటే పోయేది అడుగున్నర స్థలం. "ప్లాను మార్చాలి, గది చిన్నదవుతుంది" అన్నాడు చిన్నవాడు. పెద్దాయన ఏమీ అనలేదు. గోడలో దిగిన ఆ మూడు దూలాల వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు దుఆ చేయకుండానే టీ తాగి వచ్చేశాను. పై శుక్రవారం మళ్ళీ కబురు వచ్చింది. వెళ్ళేసరికి చెల్లెలు దాలాన్‌లో కూర్చుని ఉంది. వాటా కాగితం రాసి ఆమె చేతికిచ్చారు. పక్కింటి పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. ఉమ్మడి గోడను అలాగే ఉంచి లోపలి నుంచి ముగ్గు పోసి ఉంది. అప్పుడు చేతులెత్తాను.

సోదరులారా! మన పాత పేటల్లో ఇలాంటి ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. పడగొట్టేముందు ఇంటిని ఒకసారి కొలిచి, ఫోటోలు తీసి పిల్లల కోసం దాచండి. టేకు తలుపులు, దూలాలు తుక్కు కింద అమ్మకుండా కొత్త ఇంట్లో వాడుకోండి. అన్నిటికంటే ముందు ఆ ఇంట్లో ఎవరెవరి హక్కు ఉందో లెక్క చూసుకోండి. మన ఇళ్ళను మనకు నెమ్మదినిచ్చే చోట్లుగా చేసిన అల్లాహ్, వాటివల్ల ఇతరుల నెమ్మది చెడకుండా కాపాడుగాక! ఆమీన్.