ఒకే మాట, వేరే అర్థం: పిల్లలకు చెప్పాల్సింది మనమే

‘యాక్చువల్‌గా ఏం జరిగిందంటే...’ అనకుండా ఇప్పుడు మన పిల్లలు ఏ సంగతీ మొదలుపెట్టరు. పెద్దలమూ అంతే. ఇంగ్లీషులో ఆ మాటకు ‘నిజమైన, అసలైన’ అని అర్థం. అదే మాట ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ భాషల్లోనూ ఉంది. పలుకుబడిలో కొద్దిపాటి తేడాలే. అన్నిటికీ మూలం లాటిన్‌లోని ‘ఆక్తువాలిస్’ అనే విశేషణం. దాని వెనక ఉన్న ‘ఆక్తుస్’ అంటే చేసిన పని. కానీ ఆ నాలుగు భాషల్లో దీనికి ప్రధానార్థం ‘ప్రస్తుతపు, ఇప్పటి’. స్పెయిన్‌లో ఎవరైనా ‘ఆక్తువాల్’ అధ్యక్షుడు అంటే ఇప్పుడు పదవిలో ఉన్నాయన అని. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారు ‘అసలైన అధ్యక్షుడు’ అనుకుని, మరి నకిలీ ఎవరా అని వెతుక్కోవాల్సిందే.

ఇది యూరప్ ముచ్చట మాత్రమే కాదు. మన సోలాపూర్ తూర్పు భాగంలో రోజూ జరిగేదే. యూరప్ భాషలకు లాటిన్ ఎలాగో మన భాషలకు సంస్కృతం అలాగ. తెలుగు ద్రావిడ భాష, మరాఠీ ఆర్యభాష. అయినా రెండింట్లోనూ సంస్కృతం మాటలు వేలల్లో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, టీవీలో హిందీ వినే పిల్లవాడికి ఇది పెద్ద ఆస్తి. అయితే అందులో కొన్ని మాటలు రెండు భాషల్లో రెండు దారులు పట్టాయి.

ప్రగతి పుస్తకంలో ‘చపళ్’

మరాఠీ మాస్టారు ప్రగతి పుస్తకంలో ‘ముల్‌గా చపళ్ ఆహే’ అని రాశారనుకోండి. అది మెచ్చుకోలు. పిల్లవాడు చురుకైనవాడు, ఖోఖోలో దొరకడు అని. తెలుగులో ‘చపలం’ అంటే నిలకడలేనితనం. ‘చపలచిత్తుడు’ అనడం నింద. ఆ ముక్క చదివిన తండ్రి ‘మావాడు ఏం తప్పు చేశాడు సార్?’ అని వస్తే ఆశ్చర్యం లేదు. సంస్కృతంలో చపల శబ్దానికి రెండర్థాలూ ఉన్నాయి: వేగంగా కదిలేది, నిలకడగా ఉండనిది. మరాఠీ మొదటిదాన్ని పట్టుకుంది, తెలుగు రెండోదాన్ని.

‘హుషార్’ సంగతి ఇంకో రకం. మరాఠీలో ‘హుషార్’ విద్యార్థి అంటే తెలివైన విద్యార్థి. మనకు ‘హుషారు’ అంటే ఉత్సాహం. ‘హుషార్ ఆహే’ అని టీచరు అంటే ‘అవునండీ, ఇంట్లోనూ ఒక్కచోట కూర్చోడు’ అని తల్లి నవ్వుతుంది. టీచరు చదువు గురించి చెప్పారు, తల్లి గెంతులాట గురించి విన్నది. ఇది పారశీకం నుంచి వచ్చిన మాట. అక్కడ మూలార్థం ‘మెలకువ గలవాడు’.

‘ప్రశస్త్’ ఇల్లు అంటే మరాఠీలో విశాలమైన ఇల్లు. తెలుగులో ప్రశస్తమైనది అంటే శ్రేష్ఠమైనది. అది ఒక్క గది ఇల్లయినా కావచ్చు.

గణితంలో ‘సరళ’

తరగతిలో బాగా అక్కరకొచ్చే మాట ‘సరళ’. తెలుగులో సరళమైన పాఠం అంటే సులువైన పాఠం. ఆటో అతనికి మరాఠీలో ‘సరళ్ జా’ అంటే తిన్నగా వెళ్లమని. సంస్కృతంలో ‘సరల’ అంటే వంకర లేనిది. నిటారుగా పెరిగే ఒక దేవదారు జాతి చెట్టుకూ అదే పేరు. ఇప్పుడు ‘సరళరేఖ’ చూడండి. కొందరు పిల్లలు దాన్ని ‘సులువైన గీత’ అనుకుంటారు. ‘సరళ్ జా’ తెలిసిన మన పిల్లవాడికి మాత్రం అది తిన్నని గీత అని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఇక్కడ వాడి మరాఠీ తెలుగు పాఠానికి సాయపడింది. ఇక వడ్డీ లెక్కల్లో మనం ‘బారువడ్డీ’ అనేదాన్ని మరాఠీ పుస్తకం ‘సరళ్ వ్యాజ్’ అంటుంది.

దరఖాస్తు ఫారాల్లో మరో చిక్కు ఉంది. ‘వడిలాంచా వ్యవసాయ్’ అంటే తండ్రి వృత్తి ఏమిటని. తెలుగు అర్థమే తెలిసిన పిల్లవాడు తండ్రి మరమగ్గం నడుపుతున్నా ‘మాకు పొలం లేదు’ అని ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు.

తెలుగు మాన్పిస్తే తీరుతుందా?

‘ఇన్ని భాషలైతే పిల్లలు తికమక పడతారు, తెలుగు బడి మాన్పిద్దాం’ అనే మాట పేటల్లో తరచూ వినిపిస్తోంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ బడి మారినా ఇంటి భాష మారదు. ‘చపలం’, ‘హుషారు’, ‘వ్యవసాయం’ ఇంటి అర్థాలతోనే పిల్లవాడి వెంట వెళ్తాయి. తేడా విడమరిచి చెప్పేవారు మాత్రం ఆ బడిలో ఉండకపోవచ్చు. రెండు భాషలూ తెలిసిన టీచరు ఉండేది మన బడిలోనే. పైగా 2020 చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ మాధ్యమం బడిలోనైనా మరాఠీ తప్పనిసరి. తెలుగు బడిలో చదివితే మరాఠీ దూరమవుతుందన్న బెంగ అక్కర్లేదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ చెబుతోంది. 1956లో చేర్చిన ఆ వసతిని వాడుకోవడం మన చేతుల్లో ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ప్రతి పిల్లవాడి చేత ఒక జంటమాటల నోటుబుక్కు పెట్టించండి. ఒక గడిలో మాట, పక్కన తెలుగు అర్థం, ఆ పక్కన మరాఠీ అర్థం, చివర ఒక్కొక్క వాక్యం. ‘ఉద్యోగం’ మనకు కొలువు, వారికి పరిశ్రమ. ‘అభ్యాసం’ మనకు సాధన, వారికి చదువు. తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా తక్కువ. పిల్లలు మాట తారుమారు చేసినప్పుడు కసరకుండా ‘ఇది మనకేంటి, మరాఠీలో ఏంటి?’ అని అడగండి. కార్ఖానాలో, బజారులో మీ చెవిన పడ్డ మాటలు కూడా ఆ నోటుబుక్కులో రాయించండి. వారానికి ఐదు చాలు.