కోటలో ఊరు, ఊళ్లో కోట
ఓరుగల్లు రాళ్లను కాపాడే పనిలో ఎవరి వాటా ఎంత?

వరంగల్ రైలు స్టేషనులో దిగి ఖిలా వరంగల్ వైపు ఆటో ఎక్కితే, కొద్దిసేపట్లోనే ఒక పెద్ద మట్టి దిబ్బను చీల్చుకుని రోడ్డు లోపలికి పోతుంది. పొరుగూరి నుంచి మొదటిసారి వచ్చినవారు దాన్ని చెరువు కట్ట అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. గట్టు మీద చెట్టూ చేమా, పక్కన నీళ్లు నిలిచిన లోతట్టు నేల, అచ్చం కట్టలాగే ఉంటుంది. కానీ అది కాకతీయుల మట్టికోట. ఆ నీళ్లు నిలిచిన నేల కందకం.

ఇంకొంచెం ముందుకు పోతే రాతికోట వస్తుంది. దాని దర్వాజా తిన్నగా ఉండదు. ఒక మలుపు తిరిగి, మళ్లీ ఇంకో మలుపు తిరిగితే గానీ లోపలికి పోలేం. దండెత్తి వచ్చిన శత్రువు ఏనుగుల్ని వేగంగా నడిపించుకుంటూ తలుపు మీదికి రాకుండా అలా కట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత ఆ మలుపుల దగ్గర ఇబ్బంది పడుతున్నది మాత్రం వరిగడ్డి ట్రాక్టర్లు.

లోపల చూస్తే ఊరు. మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అని వాడలకు పేర్లు. ఇళ్లు, కిరాణా కొట్లు, పశువుల కొట్టాలు, పంట చేలు. ఊరి నడుమ స్వయంభూ శివాలయం ఉన్న ఆవరణకు నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. 2014లో తెలంగాణ రాష్ట్ర ముద్ర మీదికి ఎక్కింది ఈ తోరణమే. ఆ ముద్రను మార్చాలన్న ఆలోచన 2024 మే నెలలో బయటికి వచ్చినప్పుడు ఓరుగల్లు వాళ్లు ఊరుకోలేదు. గట్టిగానే నిరసన చెప్పారు. ముద్ర మీది తోరణం కోసం అంత పట్టుదల చూపిన జిల్లాలో, నేల మీది తోరణం చుట్టూ ఏం జరుగుతోందన్నది కూడా చూడవలసిన సంగతే.

మూడు జిల్లాల ముచ్చట

చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు గనుక రెండు మాటల్లో చెప్పుకుందాం. హనుమకొండ వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారాక గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి కోటను బలపరిచారు. రాతి గోడకు 45 బురుజులు. 1323లో ప్రతాపరుద్రుని కాలంలో కోట ఢిల్లీ సేనల వశమైంది. స్వయంభూ ఆలయం కూలింది. తోరణాలు నిలిచాయి.

ఇక ఇప్పటి సంగతి. 2016లో జిల్లాలను చీల్చి, 2021లో మళ్లీ పేర్లు మార్చాక, కోట వరంగల్ జిల్లాలో, వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లాలో, రామప్ప ములుగు జిల్లాలో పడ్డాయి. ఒకే వంశం వాళ్ల కాలంలో లేచిన మూడు కట్టడాలకు ముగ్గురు కలెక్టర్లు. 2014లో ఈ మూడింటినీ కలిపే యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టారు. చివరకు 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ హోదా దక్కింది రామప్ప ఒక్కదానికే. అడవి అంచున, చెరువు ఒడ్డున, చుట్టూ ఖాళీ ఉన్న గుడి అది. కోట చుట్టూ నగరం పెరిగింది, కోట లోపల ఊరు ఉంది. తేడా ఎక్కడుందో చూసినవారికి తెలుస్తుంది.

కార్పొరేషను చేతిలో ఏముంది?

కోటలో ఒక రాయి జారితే ఊరివాళ్లు ముందు కార్పొరేటరును అడుగుతారు. పాపం, ఆయన చేతిలో ఏమీ ఉండదు. కోట, వేయిస్తంభాల గుడి రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు. ఆ రాళ్ల మీద సున్నం పూయాలన్నా, పడిన రాయిని ఎత్తి నిలబెట్టాలన్నా ఆ శాఖ మనుషులే చేయాలి. కేంద్రం జాబితాలో లేని కొన్ని కట్టడాలను రాష్ట్ర వారసత్వ శాఖ చూస్తుంది. దానికి 2017లో కొత్త చట్టం కూడా వచ్చింది.

మరి స్థానిక పాలకుల వంతు ఏమిటి? తక్కువేమీ కాదు. గుడి పక్కన మురుగు కాలువ ఎటు పారాలి, చెత్తబండి రోజూ వస్తుందా, వీధి దీపం వెలుగుతుందా, గోడను ఆనుకుని కొత్త ఇల్లు లేస్తుంటే ఎవరు ఆపాలి, ఎవరికి అనుమతి ఇవ్వాలి అన్నవన్నీ నగర పాలక సంస్థ పనులే. రాయి ఢిల్లీది, రాయి చుట్టూ ఉన్న నేల నగరానిది అన్నమాట. మురుగు నీరు పునాది కిందికి దిగితే రాయి ఎంత గట్టిదైనా కుంగుతుంది. కాబట్టి కాలువ తీసే మేస్త్రి కూడా వారసత్వాన్ని కాపాడేవాడే, తనకు ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా.

కేంద్రం 2015 జనవరిలో హృదయ్ అనే పథకాన్ని తెచ్చినప్పుడు ఈ కిటుకునే పట్టుకుంది. దేశంలో 12 పాత నగరాలను ఎంచి, మొత్తం రూ. 500 కోట్లు పెట్టింది. తెలుగు నేల మీద వరంగల్, అమరావతి రెండింటికి చోటు దక్కింది. వరంగల్ వాటా రూ. 40.54 కోట్లు. ఆ సొమ్ము గుడి గోడల మరమ్మతుకు కాదు. గుడికి పోయే దారి, దీపాలు, నీళ్లు, మరుగుదొడ్లు, కూర్చోడానికి నీడ, ఇలాంటి వాటికి. భద్రకాళి చెరువు గట్టున మనవాళ్లు సాయంత్రం పూట పిల్లలతో నడిచే బాట ఈ పథకం కిందనే పడింది. పథకం 2019 మార్చితో ముగిసింది. కట్టినదాన్ని ఊడ్చి, దీపం మాడితే మార్చే ఖర్చు ఆ తర్వాత ఎవరిదన్నది పథకం కాగితాల్లో కంటే నగర పాలక సంస్థ బడ్జెట్‌లో వెతుక్కోవలసిన విషయం.

శివనగర్‌లోని మెట్ల బావి సంగతి దీనికి మంచి ఉదాహరణ. కాకతీయుల నాటి బావి అది. చాలాకాలం చెత్తకుండీ అయింది. పూడిక తీసి, మెట్లు బాగుచేసి, చుట్టూ శుభ్రం చేశాక ఇప్పుడు జనం చూడ్డానికి వస్తున్నారు. ఇందులో గొప్ప ఇంజనీరింగు కన్నా చెత్త వేయకుండా చూడడమే పెద్ద పని. పూడిక ఒకసారి తీస్తే సరిపోతుంది, కాపలా మాత్రం రోజూ కావాలి.

వంద మీటర్ల లెక్క

ఖిలా వరంగల్ వాడల్లో అసలు బాధ ఇది. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడం కూడదు. ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టుకోవాలి. మీరితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఒక చిన్న గుడికైతే వంద మీటర్లు పెద్ద లెక్క కాదు. కోట గోడ మైళ్ల పొడవున తిరుగుతుంది. లోపల తోరణాలు, గుడులు, ఖుష్ మహల్ వేరే ఉన్నాయి. ప్రతి దాని చుట్టూ వంద మీటర్లు గీస్తూ పోతే ఊరిలో గీత తగలని ఇల్లు వెతకాలి. కొడుక్కు పెళ్లవుతుంది. ఒక గది వేయాలి. పెంకుటిల్లు కురుస్తోంది, స్లాబు వేసుకోవాలి. కాగితం లేదు. కాగితం లేనిదే బ్యాంకు అప్పు లేదు. ప్రభుత్వ ఇంటి పథకం వచ్చినా అనుమతి దగ్గర ఆగిపోతుంది. తాతల నాటి నుంచి కోటలో ఉంటున్న కుటుంబం తన ఇంట్లోనే పరాయిదవుతుంది.

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి, పునరుద్ధరించుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు ఇదే చట్టంలో ఉంది. కొత్తది కట్టడం వేరు, పాతది బాగుచేసుకోవడం వేరు. ఇంటి పన్ను రసీదు, పాత కరెంటు బిల్లు, ఓటరు జాబితా నకలు లాంటివి ఇల్లు ఆనాటిదని చూపడానికి అక్కరకొస్తాయి. పాత కాగితాలను పెట్టెలో భద్రంగా ఉంచుకోవలసింది అందుకే. ఈ ముక్కను వార్డు కార్యాలయం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే, దళారుల చుట్టూ తిరగడం కొంతైనా తగ్గేది. చట్టం చెడ్డదని ఈ వ్యాసం అనడం లేదు. ఆ వంద మీటర్లే లేకపోతే తోరణం పక్కన ఈపాటికి మూడంతస్తుల లాడ్జి లేచేది. చట్టం తెలిసిన అధికారి ఊళ్లోకి వచ్చి, నెలకొక రోజైనా చెట్టు కింద కూర్చుని దరఖాస్తులు రాయించుకోవాలన్నదే అడిగేది.

మట్టికోట గతి మరీ అన్యాయం. రాతి గోడనైతే చూడగానే చరిత్ర అంటారు, మట్టి గోడకు ఆ గౌరవం లేదు. గుడిసె వేసుకునేవాడికి అది మెరక, ఇటుకబట్టీవాడికి ఎర్రమన్ను. తట్టెడు తట్టెడు తీసినా కొండ కరుగుతుంది. యంత్రం పెట్టి తీస్తే ఇక చెప్పేదేముంది?

పద్దెనిమిదేళ్ల మండపం

రాళ్ల పని ఎంత నిదానంగా సాగుతుందో వేయిస్తంభాల గుడికి పోయినవారందరికీ తెలుసు. గుడి ఎదుట కల్యాణ మండపం కుంగుతోందని 2006లో విప్పారు. కాకతీయుల గుళ్లకు పునాది ఇసుకతో ఉంటుంది. గుంత తీసి ఇసుక నింపి దాని మీద బరువు నిలిపే పద్ధతి. ఆ పునాదిని సరిచేయాలంటే పైనున్నదంతా దించాల్సిందే. ఒక్కో రాయికి అంకె వేసి ఆవరణలో పేర్చారు. విప్పడం తొందరగా అయింది గానీ కూర్చడం కాలేదు. శివరాత్రికి వచ్చిన భక్తులు ఏటా ఆ రాళ్ల కుప్పలను చూసి నిట్టూర్చేవారు. అప్పుడు తల్లి చంకలో వచ్చిన పిల్లవాడు కాలేజీకి పోయే వయసు వచ్చాక, 2024 మార్చి 8న, అదీ శివరాత్రి నాడే, మండపం మళ్లీ తెరుచుకుంది.

ఆలస్యం ఆలస్యమే, దాన్ని సమర్థించలేం. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. సిమెంటు పోసి గబగబా నిలబెట్టి ఉంటే రెండేళ్లలో అయ్యేది, కానీ అది కాకతీయుల మండపం అయ్యేది కాదు.

పోయినవి పోయాయి

అన్నింటికీ అంత ఓపిక దొరకలేదు. నిజాం కాలంలో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలును 2021 జూన్‌లో నేలమట్టం చేశారు. ఖైదీలను వేరే జైళ్లకు పంపి, ఆ స్థలంలో పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి వద్దన్నవారు ఎవరూ లేరు. హైదరాబాదు దాకా పోకుండా ఇక్కడే వైద్యం అందితే ఊళ్లకు అంతకన్నా మేలేముంది? పాత భవనంలో ఒక్క ముక్కనైనా ఉంచి కట్టరాదా అన్నవారి మాట మాత్రం గునపాల చప్పుడులో వినబడలేదు. జైలు రాజుల కోట కాదు, దేవుడి గుడి అంతకన్నా కాదు. అందుకే దాని కోసం ఏడ్చినవారు తక్కువ.

1934లో మొదలైన ఆజంజాహి మిల్లు కథా అంతే. చుట్టుపక్కల ఊళ్ల పత్తి ఆ మిల్లుకు పోయేది, ఆ ఊళ్ల పిల్లలు అందులో కూలికి పోయేవారు. మిల్లు మూతపడింది, యంత్రాలు పోయాయి, నేల చేతులు మారింది. సైరన్ మోత విని పొద్దు తెలుసుకున్న ముసలివాళ్లు ఇప్పటికీ ఆ దారిన పోతూ ఒక క్షణం ఆగుతారు. వందేళ్లు కూడా నిండని కట్టడాన్ని చరిత్ర అనడానికి మన చట్టాలకూ నోరు రాలేదు, మనకూ రాలేదు.

నగరంలో కలిసిన ఊళ్లు

చుట్టూ ఉన్న 42 గ్రామాలు నగరంలో కలిశాక, నగరం గొడవ నగరానిదే అనడానికి వీల్లేదు. పంచాయతీ ఉన్నప్పుడు ఊరి గుడి, ఊరి బావి ఊరి పెద్దల కంటి ముందుండేవి. ఇప్పుడు అవి ఒక డివిజన్‌లో ఒక మూల. ప్లాట్లు చేసే వ్యాపారికి నాలుగు రాతి స్తంభాలు, తల లేని నంది అడ్డుగా కనిపిస్తాయి. ఒక రాత్రి జేసీబీ వస్తే తెల్లారేసరికి నంది ఎక్కడికి పోయిందో తెలియదు. గుప్తనిధుల పిచ్చివాళ్ల సంగతి సరేసరి. శివలింగం కింద బంగారం ఉందని తవ్విన గుంతలు మన పల్లెల్లో ఎన్ని లేవు? అక్కడ దొరికేది కాకతీయులు పోసిన ఇసుకే.

మన ఊరి గుట్ట మీదో, చెరువు కట్ట కిందో శాసనం ఉన్న బండ కనిపిస్తే దాన్ని కడిగి సున్నం పూయకండి, అక్షరాల మీద రంగు వేయకండి. బట్టలు ఉతికే బండగా వాడకండి. ఫొటో తీసి, స్థలం రాసి, తహశీల్దారు కార్యాలయంలో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు పుచ్చుకోండి. పాకాల చెరువును 1213లో తవ్వించిన సంగతి మనకు తెలిసింది అటువంటి ఒక బండ మీది రాతవల్లనే. ఆ చెరువు కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి.