గోదావరి రేఖాపటము: అందలి చిక్కులును వాని పరిష్కారములును

వర్షకాలము వచ్చినతోడనే ఖమ్మము మొదలుకొని భద్రాచలపు టడవుల యంచువఱకు గల గ్రామములలో ప్రతివారును అడుగు ప్రశ్న యొకటి కలదు: "నీరు ఎన్ని అడుగులకు వచ్చినది?" భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింపబడును. 1986 ఆగష్టులో నీరు 75.6 అడుగులకు లేచెను. 1990లో 70.8 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చెను. ఈ సంఖ్యలు మన యింటి పెద్దలు పలువురకు కంఠస్థములు.

అయినను సంఖ్య యొక్కటియే చాలదు. 50 అడుగుల నీరు పెరుగుచున్నదా, తగ్గుచున్నదా? పెరుగుచున్నచో గంటకెంత? ఇది తెలిసినగాని పల్లపు వీధిలోని కుటుంబము ధాన్యమును, పశువులను, ముసలివారిని ముందుగా తరలింపవలెనో, మఱికొంతసేపు ఆగవచ్చునో నిశ్చయించుకొనజాలదు. దీనిని ఒక్క చూపులో తెలుపునది రేఖాపటము, అనగా గ్రాఫు. కాలమును అడ్డముగను, కొలతను నిలువుగను ఉంచి గీత గీయు పద్ధతిని 1786లో స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫేరు తన గ్రంథమున విరివిగా వాడి వ్యాప్తికి దెచ్చెను. గళ్ల కాగితముపై మన విద్యార్థులు చేయునది అదియే. నేడు ఆ పనిని కంప్యూటరుచే చేయించుట సులభమైనది.

ఇందుకు ఎక్కువగా వాడబడు సాధనము మ్యాట్‌ప్లాట్‌లిబ్ అను లైబ్రరీ. ఇచ్చట లైబ్రరీ యనగా పుస్తకశాల గాదు. ఇతరులు వ్రాసి సిద్ధముగా నుంచిన ఆజ్ఞల పెట్టె యని తెలియవలెను. ఇది పైథాన్ అను కంప్యూటరు భాషలో పనిచేయును. జాన్ హంటర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మూర్ఛరోగుల మెదడునందలి విద్యుత్ సంకేతములను పరిశీలించు నిమిత్తము దీనిని నిర్మింప నారంభించి, 2003లో ఎల్లరకు నుచితముగా నొసగెను. 2012లో ఆయన కాలధర్మము నొందినను, నానాదేశములవారు కూడి దీనిని నేటికిని పెంపొందించుచున్నారు.

ఈ లైబ్రరీని మొదట వాడువారికి చిక్కులు తప్పవు. మేము వానిని మూడు తరగతులుగా విభజించి చెప్పదలచితిమి. కొన్ని బిగ్గఱగా అఱచును. కొన్ని మాటాడకపోయినను కంటికి కనబడును. మఱికొన్ని మాటాడవు, కనబడవు. చక్కని పటమును గీసి అసత్యమును చెప్పును. విద్యార్థులు మొదటివానికి భయపడుదురు. భయపడవలసినది మూడవవానికి.

1. అఱచు చిక్కులు

"అట్టి లైబ్రరీ లేదు" అని కంప్యూటరు తెలుపుట మొదటిది. నిన్ననే దానిని దించుకొంటిమిగదా యని పిల్లలు ఆశ్చర్యపడుదురు. ఒకే యంత్రములో పైథాన్ రెండుమూడు చోట్ల నుండవచ్చును. లైబ్రరీ ఒకదానిలో చేరి, మనము వేఱొకదానిని నడుపుచుందుము. ఏ పైథానుతో కార్యక్రమమును నడుపుదుమో, ఆ పైథాను పేర పిప్ అను ఆజ్ఞను పిలిచి లైబ్రరీని చేర్చినచో ఈ బాధ తీరును. మఱియొక కారణము మిక్కిలి చిన్నది: మనము వ్రాసిన ఫైలునకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనియే పేరు పెట్టుట. అప్పుడు కంప్యూటరు అసలు లైబ్రరీని విడిచి మన ఫైలునే తెఱచును. పేరు మార్చిన చాలును.

రెండవది, "రెండు వరుసల పొడవు సమానముగా లేదు" అను సూచన. 24 గంటలు వ్రాసి 23 కొలతలే యిచ్చినప్పుడు ఇది వచ్చును. ఏ గంట కొలత తప్పిపోయినదో వెదకవలెనేకాని, చివరి గంటను కొట్టివేసి సరిపెట్టరాదు. అట్లు చేసినచో తప్పిన చోటు మొదలు ప్రతి కొలతయు వేఱొక గంటకు అంటుకొనును.

అఱచు చిక్కులలో నొక మేలు కలదు. సూచన యెంత పొడవున్నను దాని చివరి పంక్తిని ముందు చదువుడు. సాధారణముగా కారణము అందే యుండును.

2. కంటికి కనబడు చిక్కులు

కార్యక్రమము నడచినను పటము తెరపైకి రాకుండుట కలదు. "షో" అను ఆజ్ఞను మఱచుట ఒక కారణము. తెరకు సంబంధములేని విధానములో లైబ్రరీ నడచుచుండుట రెండవది. అప్పుడు "సేవ్‌ఫిగ్" అను ఆజ్ఞచే పటమును ఫైలుగా దాచి, దానిని తెఱచి చూడవలెను. దాచిన ఫైలు తెల్లకాగితమువలె నున్నచో, "షో" ముందును "సేవ్‌ఫిగ్" వెనుకను వ్రాసితిరేమో చూడుడు. చూపిన కిటికీని మూసినపిమ్మట పాతపటము పోయి, క్రొత్తదియగు ఖాళీపటమే దాచబడును. ముందు దాచి తరువాత చూపుట మేలు.

తేదీలు ఒకదానిపై నొకటి పడినచో వానిని ఏటవాలుగా త్రిప్పు ఆజ్ఞ కలదు. అంచున అక్షరములు తెగిపోయినచో "టైట్ లేఅవుట్" అను ఆజ్ఞ సవరించును.

తెలుగు వ్రాతను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. "భద్రాచలము" అని పటముపై వ్రాయింపగా చతురస్రపు డబ్బాలు వచ్చును. లైబ్రరీ సహజముగా వాడు డెజావూ సాన్స్ అను అక్షరముల అచ్చులో తెలుగు లేదు. నోటో సాన్స్ తెలుగు వంటి అచ్చును కంప్యూటరులో నుంచి, దాని పేరును లైబ్రరీకి తెలుపగా డబ్బాలు పోయి అక్షరములు వచ్చును. అంతటితో తీరదు. చాలకాలముగా వాడుకలో నున్న కూర్పులలో ఈ లైబ్రరీ అక్షరములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చునేకాని, ఒత్తులను గుణింతములను మనవలె కలుపనేరదు. "ద్రా" అనునది విడివడి, పొల్లు దకారమును రకారమును వేఱువేఱుగా నిలుచును. కావున ముందుగా ఒత్తుగల పదమొకటి వ్రాయించి పరీక్షింపుడు. సరిగా రానిచో పటమును అక్షరములు లేకుండ గీయించి, తెలుగు పేర్లను బొమ్మలు దిద్దు వేఱొక కార్యక్రమములో చేర్చుడు. మన నదిపటమును మన ఊరివారు చదువలేకున్నచో దానివలన ప్రయోజనమేమి?

3. కనబడని చిక్కులు

ఇవియే ప్రమాదకరములు. వీనిని ఒక్కొక్కటిగా పరీక్షింతము. ఇందు ఉదాహరణముగా నిచ్చిన కొలతలు కల్పితములు.

సంఖ్యలు అక్షరములగుట. 43.2, 45.0, 47.6, 46.1, 44.3 అను కొలతలను గీయవలెననుకొందము. నీరు పెరిగి, పిదప తగ్గినదని మనకు తెలియును. అయితే ఫైలునుండి చదువునప్పుడు కంప్యూటరు వీనిని సంఖ్యలుగా గాక వట్టి అక్షరములుగా గ్రహింపవచ్చును. పట్టికలో నొకచోట "46.1 అడుగులు" అనియో, "కొలత లేదు" అనియో మాటలు వ్రాసినను ఇట్లగును. అప్పుడు లైబ్రరీ ప్రతి క్రొత్త మాటను వెనుకటిదానికి ఒక మెట్టు పైన నుంచును. గీత నిచ్చెనవలె పైకే పోవును. నది తగ్గుచుండగా పటము పెరుగుచున్నదని చెప్పును! నిలువు అక్షముపై సంఖ్యలు వరుసతప్పి యున్నవేమో చూచినచో గుట్టు బయటపడును. గీయుటకు ముందే కొలతలను సంఖ్యలుగా మార్చుట దీనికి మందు.

కాలము అక్షరములగుట. రాత్రి 10 గంటలకు ఒక కొలతయు, తరువాతిది ఉదయము 6 గంటలకును ఉన్నవనుకొందము. నడుమ నీరు 2 అడుగులు పెరిగినది. అనగా గంటకు పావు అడుగు. కాలమును అక్షరములుగా నిచ్చినచో లైబ్రరీ ఈ 8 గంటలను ఒక గంట యెడముగానే గీయును. చూచువారు గంటకు 2 అడుగులని భ్రమపడుదురు. తేదీలయందును జాగ్రత్త వలయును. 07/08 అనునది మనకు ఆగష్టు 7. కాని పాండాస్ అను తోడు లైబ్రరీ, వేఱుగా చెప్పనియెడల, జూలై 8 అని గ్రహించును.

లేని కొలతకు సున్న వేయుట. సున్న వేసినచో నది ఒక్క క్షణమున అడుగంటి మరల లేచినట్లు గీత పడును. ఆ పంక్తినే తీసివేసినచో రెండు కొనలను కలుపుచు తిన్నని గీత పడి, తెలియని కాలమును తెలిసినదిగా చూపును. "నాన్" అను గుర్తు నుంచినచో గీత తెగి, ఇచ్చట కొలత లేదను సత్యము కనబడును. అయితే రెండు ఖాళీల నడుమ చిక్కిన ఒంటి కొలత గీతగా కనబడదు; కావున ప్రతి కొలతకు చుక్క పెట్టింపవలెను.

పాతగీత మిగులుట. పేరూరు, భద్రాచలము, కూనవరముల పటములను వరుసగా గీయించునప్పుడు, ప్రతిదానికి క్రొత్త పటమును తెఱచి, దాచినపిమ్మట మూయనిచో, పేరూరి గీత భద్రాచలపు పటములోనికి వచ్చి కూర్చుండును.

కొలమానము కలిసిపోవుట. ఇది మన ప్రాంతమునకు ప్రత్యేకమైనది. భద్రాచలములో జనులు చెప్పునది స్థానికపు కొలబద్దపై అడుగులు. కేంద్ర జలసంఘమువారు సముద్రమట్టమునుండి మీటర్లలో లెక్కింతురు. వారి ప్రమాదస్థాయి 48.77 మీటర్లు. దీనిని అడుగులుగా మార్చిన 160 అగును. స్థానికపు సున్న సముద్రమట్టమునకు సుమారు 107 అడుగుల యెత్తున నున్నది గనుక, అది తీసివేయగా 53 మిగులును. అనగా మూడవ హెచ్చరిక. ఒకడు ఈ 48.77ను అడుగుల పటములో వేసినచో, మూడవ హెచ్చరిక రెండవదిగా కనబడును. లైబ్రరీకి సంఖ్యయే తెలియును. అడుగో మీటరో దానికి తెలియదు.

అక్షము తానై సాగుట. నీరు 52.1 నుండి 52.4 వఱకు మాత్రమే మాఱినను, లైబ్రరీ ఆ మూడు పదవవంతులను కాగితమంత యెత్తుగా సాగదీయును. కావున ప్రతి పటమునందును 43, 48, 53 అడుగులవద్ద మూడు అడ్డగీతలు గీయింపుడు. అప్పుడు గీత యెచ్చట నున్నదో చూచువానికి సరిగా బోధపడును.

పరీక్షించు విధము

కంప్యూటరు గీచిన పటమును నమ్ముటకు ముందు, ఐదు కొలతలను గళ్ల కాగితముపై చేతితో గీసి సరిపోల్చుడు. ఆకారము ఒక్కటియే యైనచో ముందుకు సాగుడు. కాకున్న పైజెప్పిన వానిలో ఏదియో యున్నదని గ్రహింపుడు. ఈ పని పది నిమిషములకు మించదు.

తలిదండ్రులకును ఒక మనవి. వరదదినములలో ఫోనులకు పటము లనేకము వచ్చును. ఏ యూరి కొలత, ఏ కొలమానము, ఏ గంటవఱకు అని మూడు ప్రశ్నలు వేయుడు. ఈ మూడును వ్రాయని పటము ఎంత సుందరమైనను దానిపై ఆధారపడకుడు. విద్యార్థుల పటము నదిని అర్థము చేసికొనుటకు మాత్రమే. ఇల్లు విడువవలసినదో లేదో చెప్పు అధికారము ప్రభుత్వ హెచ్చరికలకే కలదు. ఆ హెచ్చరికను విన్నప్పుడు 53 అను సంఖ్య వెనుక నీరు ఎట్లు నడచుచున్నదో మన బిడ్డలు ఇంటిల్లిపాదికి వివరింపగలిగిరేని, వారు నేర్చిన విద్య సార్థకమైనట్లే.