నిమిషానికి ఆరు లక్షల పిలుపులు

మిడుతూరు ప్రాంతపు ఎండను గురించి ఆ సీమవాసులకు కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. ఆ ఎండనే పంటగా తీసే క్షేత్రమొకటి ఇప్పుడు వారికి దాపుననే ఉన్నది. గని, శకునాల గ్రామాల పరిసరాలలో సుమారు 5,900 ఎకరాలలో నెలకొల్పిన సౌరవిద్యుత్ కేంద్రం 2017లో వెయ్యి మెగావాట్ల సామర్థ్యాన్ని అందుకొన్నది. అది పెద్ద యెత్తు వ్యవహారం. 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం ఆరంభమైన పిమ్మట ఇండ్ల మిద్దెలమీద సైతం అటువంటి పలకలనే అమర్చుకోవడం సామాన్యమవుతున్నది. మిద్దెమీద పలకలు, వాటి కింద, గోడకు తగిలించిన ఒక పెట్టె. దానిని ఇన్వర్టరు అంటారు. ఈనాటి ప్రసంగం ఆ పెట్టెలోని వ్రేలిగోరంత చిప్పును గురించి, వీధిచివర కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్‌ను గురించి కూడ. వీరిద్దరికీ సంబంధమేమిటో క్రమంగా చెబుతాను.

సౌరఫలకం ఇచ్చేది ఏకముఖంగా ప్రవహించే విద్యుత్తు. వీధి తీగలలో ఉన్నదో, సెకండుకు 50 మార్లు అలవలె లేచిపడే విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చడానికి, మీటలవంటి ట్రాన్సిస్టర్లు ఆ ప్రవాహాన్ని సెకండుకు వేలసార్లు తెంచి కలుపుతూ ఉంటాయి. కలిపి ఉంచిన వ్యవధి పెరిగితే వోల్టేజి పెరుగుతుంది, తగ్గితే తరుగుతుంది. ఏ క్షణాన ఎంతసేపు కలపవలెనో నిర్ణయించేది ఆ చిప్పు, అనగా మైక్రోకంట్రోలరు. అది సెకండుకు పదివేల మార్లు కరెంటును కొలిచి సరిదిద్దుతుందనుకొందాం. ఒక్కొక్క అలకు 20 మిల్లీసెకండ్లు గనుక, అలకు 200 సవరణలు పడతాయి. అప్పుడే ఆ అల నునుపుగా ఉంటుంది.

పదివేల మార్లు గుర్తుచేసేది ఎవరు? చిప్పులోనే టైమరనే గడియారముంటుంది. వ్యవధి ముగియగానే అది గంట కొట్టినట్లు చిప్పును పిలుస్తుంది. ఆ పిలుపుకు ఇంటరప్టు అని పేరు. పిలుపు రాగానే చిప్పు చేతిలోని పనిని ఉన్నచోటనే ఆపి, గుర్తు పెట్టుకొని, పిలిచిన పని చేసి, తిరిగి పాత పనికి వస్తుంది.

మా స్టూడియోలో ఇది నిత్యానుభవం. అనౌన్సరు మైకు ముందు చదువుతూ ఉండగా తలుపు సందున ఒక చీటీ వస్తుంది. అనుభవం గలవాడు ఒక్క చూపు చూచి, దానిని కాగితాల కింద పెట్టి, చదువు సాగిస్తాడు. పాట మొదలైన తరువాత తీరికగా దాని సంగతి చూస్తాడు. కొత్తవాడు చీటీ తెచ్చినవానితో చర్చకు దిగుతాడు. రేడియోలో నిశ్శబ్దం! ఇక పది నిమిషాలకొకటి రావలసిన చీటీలు నిమిషానికి పది వస్తే, ఎంతటి అనుభవజ్ఞుడికైనా చదవడానికి వ్యవధి ఉండదు.

లెక్క వేసి చూద్దాం. చిప్పులోని గడియారం సెకండుకు పదికోట్ల మార్లు కొట్టుకొంటుందనుకొంటే, పదివేల పిలుపులలో ఒక్కొక్కదానికి పదివేల కొట్టుళ్ళ వ్యవధి దొరుకుతుంది. కొలవడానికి, లెక్కకట్టడానికి రెండువేలు పడితే, చిప్పు కాలంలో అయిదవ వంతు ఖర్చు. నాలుగు వంతులు మిగులు. అల మరింత నునుపు కావలెనన్న ఆశతో పిలుపులను నలభైవేలకు పెంచితే, వ్యవధి 2,500 కొట్టుళ్ళకు దిగజారుతుంది; అందులో రెండువేలు పోగా అయిదవ వంతే మిగులుతుంది. లక్షకు పెంచితే వ్యవధి వెయ్యి, పని రెండువేలు! ఒక పిలుపు తీరకమునుపే మరొకటి వచ్చి పడుతుంది. చిప్పు ఆగిపోదు, పైకి ఎంతో శ్రద్ధగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది.

మిగిలిన కాలం దేనికని అడగవచ్చు. ఇన్వర్టరుకు తక్కిన పనులెన్నో ఉన్నవి. వేడి చూచుకోవలె, ఉత్పత్తి లెక్క వ్రాసుకోవలె, ఇంటివారి ఫోనుకు సమాచారం పంపవలె. వీటిని ప్రాధాన్యక్రమంలో నడిపించే మేస్త్రీవంటి ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానినే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. 2003లో రిచర్డ్ బారీ ఆరంభించిన ఫ్రీఆర్‌టీఓఎస్ వీటిలో మిక్కిలి ప్రచారంలో ఉన్నది. ప్రతి పిలుపుకూ ఈ మేస్త్రీని లేపి, 'ఫలానా పనిని మొదలుపెట్టు' అని చెప్పించడం చూడడానికి చక్కని పద్ధతి. కాని ఒక పనినుంచి మరొక పనికి మారడానికే కొన్ని వందల కొట్టుళ్ళు పడతాయి. సెకండుకు వందసార్లయితే లెక్కలోనికి రాదు. పదివేల సార్లయితే బరువే. లక్షసార్లయితే మేస్త్రీకి వేతనమిచ్చేసరికి కూలీలకు మిగిలేది ఉండదు.

కనుక అనుభవజ్ఞులు చేసేది ఇది. అతివేగపు టైమరు పిలుపును మేస్త్రీ అధికారానికి పైన ఉంచుతారు. మేస్త్రీ తన జాబితాలు సవరించుకొనేటప్పుడు కొన్ని పిలుపులను క్షణకాలం వాకిట నిలబెడుతుంది. పైవరుసలో ఉన్నదానిని మాత్రం నిలబెట్టలేదు. ఈ స్వేచ్ఛకు ప్రతిగా ఒక నిషేధమున్నది: ఆ పిలుపులో మేస్త్రీ సేవలను వేటినీ కోరరాదు. సగం సవరించిన జాబితాలో వేలు పెడితే జాబితాయే చెడుతుంది. అందువల్ల పిలుపులో కొలిచిన అంకెలను ఒక పళ్ళెంలో వరుసగా పేర్చుతారు. 200 అంకెలు నిండగానే, అనగా ఒక అల పూర్తికాగానే, కింది వరుసలోని మరొక పిలుపు ద్వారా మేస్త్రీకి కబురు పోతుంది. తక్కిన పని ఆ పళ్ళెంమీద జరుగుతూ ఉండగా, కొత్త అంకెలు రెండవ పళ్ళెంలో పడతాయి. ఒకే పళ్ళెమైతే, చదివేవాడు సగం చదివేలోగా వ్రాసేవాడు తక్కిన సగం మార్చివేస్తాడు. ఇటువంటి దోషం నెలకొకమారు కనిపించి మాయమవుతుంది. దానిని పట్టడం మహా కష్టం.

మీటలు తెంచి కలిపే పని, కొలిచిన అంకెను పళ్ళెంలో వేసే పని చిప్పులోని వేరు విభాగాలే చేయగలవు. చేయగలిగినంతవరకు వాటికే విడిచిపెట్టడం మేలు.

చిన్న చిన్న పిలుపులు పెద్ద యంత్రాన్ని తికమక పెట్టడం కొత్త కాదు. 1969 జులై 20న అపోలో 11 నౌక చంద్రునిపై దిగుతూ ఉండగా కంప్యూటరు 1202 అనే హెచ్చరికను చూపింది. అప్పటికి అక్కరలేని ఒక రాడారు మార్గం నుంచి సెకండుకు 12,800 వరకు వ్యర్థస్పందనలు లోనికి వచ్చాయి. ఒక్కొక్కటి హరించినది సుమారు 11.7 మైక్రోసెకండ్లే, మొత్తం కలిపితే కంప్యూటరు కాలంలో నూటికి పదిహేను పాళ్ళు! తక్కువ ప్రాధాన్యం గల పనులను విడిచి, దిగడానికి కావలసినవానిని పట్టుకొని తిరిగి మొదలయ్యేటట్లు ప్రోగ్రాము వ్రాసి ఉండడంవల్ల నౌక క్షేమంగా దిగింది.

ఇక లైన్‌మన్ సంగతి. మరమ్మతుకై వీధి తీగలకు సరఫరా ఆపినప్పుడు, మిద్దెమీది ఇన్వర్టరు కూడ ఆగవలె. లేనిచో వీధి వాడకం, మిద్దెల ఉత్పత్తి ఇంచుమించు సరితూగిన వేళ, చచ్చిందనుకొన్న తీగ బ్రతికే ఉండగలదు. రెండు సెకండ్లలో ఇన్వర్టరు దీనిని కనిపెట్టి తప్పుకోవలెనన్నది ప్రమాణం. కనిపెట్టే ఉపాయాలలో ఒకటి బహు చమత్కారమైనది. ఇన్వర్టరు తన అలల వేగాన్ని కొద్దిగా పక్కకు నెట్టి చూస్తుంది. అవతల మహావిద్యుత్ వ్యవస్థ ఉంటే, ఏనుగును నెట్టినట్లే, కదలదు. ఎవరూ లేకుంటే వేగం జారిపోతుంది. జారిందా, తెంచివేయి!

ఈ పరిశీలన అలకొకమారు చేసే పని. మేస్త్రీ చేతికింద నడిచే పని. పైన పిలుపులు కాలమంతా మింగివేస్తే ఆకలికి మాడేది ఇదే. పెట్టె ముందు పరీక్షాయంత్రం పెట్టి చూస్తే అల ముత్యంలా ఉంటుంది; తీగ చచ్చిందో లేదో చూచేవాడు మాత్రం ఉండడు.

దీనికై చిప్పులో వాచ్‌డాగ్ అనే కాపలా ఉంటుంది. నియమిత వ్యవధిలో దానిని తట్టకపోతే చిప్పును మళ్ళీ మొదటినుంచి నడిపిస్తుంది. ఆ వ్యవధిలో మీటలన్నీ తెరుచుకొని ఉండేటట్లు నిర్మిస్తారు. తట్టే పనిని టైమరు పిలుపులోనే పెట్టడం చాలామంది చేసే పొరపాటు. క్రింద పనులన్నీ స్తంభించినా టైమరు మోగుతూనే ఉంటుంది, కాపలాను జోకొడుతూనే ఉంటుంది. తెలిసినవారు ప్రతి పనిచేతా విడివిడిగా హాజరు వేయించి, అన్ని హాజరులూ పడితేనే కాపలాను తట్టిస్తారు. తీగను కనిపెట్టే పని హాజరు ఒక్కటి తప్పినా, ఇన్వర్టరు తనంతట తాను వీధినుంచి తప్పుకొంటుంది. లైన్‌మన్ తీగకు ఎర్తు తగిలించిన తరువాతనే దానిని ముట్టుకోవడం నియమం. ఆ నియమం ఎట్లాగూ ఉండవలసినదే. ఎర్తు గొలుసును అతడు తీగమీద వేసేలోగా, పక్క మిద్దెమీది పెట్టె తన రెండు సెకండ్లను వాడుకొని ఉంటుంది.