సింగిల్ రూమ్ అంటే ఒకే రూమ్ కాదు

రోమ్ యాత్రకో, మార్టిన్ లూథర్ బోధించిన విట్టెన్‌బర్గ్ చూడడానికో మన సంఘాల నుండి ఇద్దరిద్దరుగా సొంతంగా బయలుదేరేవారు ఇప్పుడు కనిపిస్తున్నారు. 2025 జూబ్లీ సంవత్సరంలో రోమ్ వెళ్లాలని ఆశపడినవారి సంగతి సరేసరి. అలా వెళ్లేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చిన్నదే గాని, రాత్రి పదకొండు గంటలకు పెట్టెలు ఈడ్చుకుంటూ హోటల్ చేరాక ఎదురైతే చిన్నదిగా ఉండదు.

"ఇద్దరమే కదా, సింగిల్ రూమ్ చాలు" అని మనం అంటాం. మన వాడుకలో దాని అర్థం ఒకే గది. ఐరోపాలో దాని అర్థం ఒక్క మనిషి పడుకునే గది. అందులో మంచం వెడల్పు సాధారణంగా 80 లేదా 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు దాటదు. పెట్టె తెరిచి పెడితే నడవడానికి చోటుండదు. "సర్దుకుంటాం లెండి" అనే మన మాట అక్కడ చెల్లదు. మన దగ్గర గది అద్దె కట్టి, అదనంగా ఓ పరుపు వేయించుకుంటే ముగ్గురైనా గడిచిపోతుంది. అక్కడ గదిని ఎంతమందికి అని లెక్కకట్టి ఇస్తారు. జర్మనీ, ఆస్ట్రియాల్లోని చిన్న వసతి గృహాలు చాలావరకు ధరనే తలకింత అని చెబుతాయి.

ఇది హోటల్ వారి పిసినారితనమని అనుకోకండి. షెంగెన్ ఒప్పందం అమలుకు 1990లో కుదిరిన కన్వెన్షన్ 45వ అధికరణం ప్రకారం, విదేశీ అతిథులు పాస్‌పోర్టు చూపి, నమోదు పత్రం నింపి సంతకం చేసేలా వసతి నడిపేవారే చూడాలి. భార్యాభర్తల్లో రెండోవారికి, వెంట వచ్చిన పిల్లలకు, బృందంగా వచ్చినవారికి ఇందులో కొంత సడలింపు ఉంది. ఇటలీలో అయితే అతిథుల వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు పంపాలి. ఆపైన నగర పన్ను. రోమ్‌లో 2023 అక్టోబరులో పెంచిన రేటు ప్రకారం మూడు నక్షత్రాల హోటల్లో ఒక్కొక్కరికి రాత్రికి 6 యూరోలు. ఇద్దరు నాలుగు రాత్రులుంటే 48 యూరోలు. ఇది చాలాసార్లు గది అద్దెలో కలిసి ఉండదు, అక్కడికి వెళ్లాక విడిగా కట్టాలి. పదేళ్లలోపు పిల్లలకు లేదు.

ఇక్కడే ఒక మాట సూటిగా చెప్పాలి. ఒకరు తాళం తీసుకుని ముందు వెళ్లడం, రెండోవారు కాసేపాగి మెల్లగా మెట్లెక్కడం కొందరికి తెలివిగా తోస్తుంది. దానికి తెలివి అని పేరు పెట్టలేం. అద్దె, పన్ను ఎగ్గొట్టడమే కాదు, ఆ రెండోవారి పేరు ఆ భవనంలో ఎక్కడా ఉండదు. రాత్రి నిప్పంటుకుంటే, ఆ గదిలో ఒక్కరే ఉన్నారని లెక్క చెబుతుంది. ఆరాధన కోసం అంత దూరం వెళ్లి, పరుపు దగ్గర అబద్ధమాడడం ఏం బాగుంటుంది? పైగా ఇద్దరి గది అద్దె సింగిల్ అద్దెకు రెట్టింపేమీ ఉండదు, తరచు కొంచెమే ఎక్కువ.

వీసాకు కూడా ఈ లెక్క అవసరం. షెంగెన్ వీసాకు బస ఎక్కడో రుజువు చూపాలి. బుకింగ్‌లో ఒక్కరి పేరే ఉంటే రెండోవారి దరఖాస్తుకు ఆధారం ఉండదు. కాబట్టి ఇద్దరి పేర్లూ, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైనా ఫర్వాలేదు.

గది అడిగేటప్పుడు మంచాల సంగతీ చెప్పాలి. డబుల్ అంటే ఇద్దరికీ ఒకే మంచం, ట్విన్ అంటే రెండు మంచాలు. ఇటలీలో 'మత్రిమోనియాలే' అన్నారంటే దంపతుల మంచమే. సంఘంలోని ఇద్దరు అక్కలో, పాస్టర్ గారూ ఆయన వెంట వెళ్లిన తమ్ముడో అయితే ట్విన్ అని రాయడం మరిచిపోవద్దు. జర్మనీలో డబుల్ అడిగినా రెండు పరుపులు పక్కపక్కనే చేర్చి, దుప్పట్లు వేర్వేరుగా ఇవ్వడం మామూలే. చూసి కంగారుపడనక్కరలేదు.

టూర్ కంపెనీలతో వెళ్తే ప్యాకేజీ ధర సాధారణంగా ట్విన్ షేరింగ్ లెక్కన ఉంటుంది. ఒంటరిగా గది కావాలంటే అదనంగా కట్టాలి. వద్దనుకుంటే ముఖపరిచయం లేని మనిషితో జత కలుపుతారు. గురక, లైటు, కిటికీ వీటి గురించి మొదటి రాత్రే మాట్లాడుకుంటే మేలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గొంతెత్తి ప్రార్థించే అలవాటున్నవారు మనలో తక్కువేం కాదు. జర్మనీలో రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించడం రివాజు. గోడలు పలచన. రోమ్‌లో కన్యాస్త్రీలు నడిపే అతిథి గృహాలు శుభ్రంగా ఉంటాయి, రెండు మంచాల గదులూ దొరుకుతాయి. కాకపోతే వాటిలో చాలాచోట్ల రాత్రి తలుపులు మూసే వేళ ఉంటుంది. మీ విమానం ఆలస్యంగా దిగేదైతే ఆ వేళ ఎప్పుడో బుక్ చేసేముందే అడగండి.